డి డ్రైవ్ బ్యాకప్ కాదు

‘ఫొటోలన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి, భయం లేదు.’ ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు ఎవరింట్లో డెస్క్‌టాప్ ముందు కూర్చున్నా నాకు వినిపించే మాట ఇది. భయం ఉంది. పార్టిషన్ అంటే కొల్లేరు చేపల చెరువు మధ్యలో వేసిన గట్టు లాంటిది. బుడమేరు, తమ్మిలేరు పొంగితే గట్టుకి రెండువైపులా మునుగుతుంది. హార్డ్‌డిస్క్ చెడితే సి, డి రెండూ పోతాయి.

అలాగని పార్టిషన్ దండగ అనను. విండోస్ మళ్లీ వేయాల్సొస్తే సి ఒక్కటే ఫార్మాట్ చేసుకోవచ్చు. పని కూడా తేలికే: డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్, వచ్చిన ఖాళీలో న్యూ సింపుల్ వాల్యూమ్. 300 జీబీ ఖాళీ ఉన్నా 40 జీబీయే ఇస్తానంటే కంగారొద్దు, పేజ్ ఫైల్ లాంటి కదలని ఫైళ్లు అడ్డున్నాయన్నమాట. సి కి 100 జీబీ చాలనే పాత లెక్క మాత్రం మానేయండి. తర్వాత పెంచాలంటే దాని పక్కనే ఖాళీ ఉండాలి, అక్కడేమో డి కూర్చుని ఉంటుంది!

యూపీఎస్ లేని ఇంట్లో ష్రింక్ నడుస్తుండగా కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ దెబ్బతినొచ్చు. అందుకే ముందు వేరే డిస్క్‌లోకి కాపీ. ఎక్స్‌టర్నల్ డ్రైవ్ లేదా? అమ్మానాన్నల పెళ్లి ఫొటోల స్కాన్లయినా ఒక పెన్‌డ్రైవ్‌లో వేశాకే మౌస్ పట్టుకోండి.