ఆపద్ధర్మము

ఛాందోగ్యోపనిషత్తున ఉషస్తి యను నొక పేద పండితుని కథ కలదు. వడగండ్లచే పైరులు పాడై కఱవు వచ్చినపుడు, ఆయన ఆకలికి తాళలేక, ఒక మావటివాడు తినుచున్న యెంగిలి గుగ్గిళ్లను యాచించి తినెను. వాడు త్రాగుటకు నీరును ఇయ్యబోగా, అవి యెంగిలి నీళ్లని నిరాకరించెను. గుగ్గిళ్లు మాత్రము ఎంగిలి కావా యని వాడడిగెను. గుగ్గిళ్లు తినకున్న ప్రాణము నిలువదనియు, నీరు మరియొకచోట దొరకుననియు నాయన బదులు చెప్పెను. ఆపద్ధర్మమునకు ఎల్ల యెచ్చటనో ఈ చిన్న కథ చూపుచున్నది. ఆపద యెంతవరకో, సడలింపును అంతవరకే.

ఈ యెల్లను దాటిన రాజ్యమునకు ఏమి వాటిల్లునో తెలియగోరువారు మన పొరుగుదేశమైన పాకిస్తాను చరిత్రమును చదువవలెను. ఆ దేశముతో మనకు గల వైరములను గూర్చి పత్రికలలో నిత్యము చదువుచునే యున్నాము. నేనిచ్చట వ్రాయబూనినది వైరమును గూర్చి కాదు. ఒక న్యాయస్థానమున జరిగిన తప్పును గూర్చియు, దానిని తప్పని పలికిన ఒకే యొక న్యాయమూర్తిని గూర్చియు.

పాకిస్తాను 1947వ సంవత్సరమున నేర్పడెను. రాజ్యాంగము వ్రాయుటకు ఏర్పడిన సభ యేడు సంవత్సరములు తర్జనభర్జనలు పడి, 1954లో పని ముగింపునకు వచ్చెను. ఆ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఆ సభ, మంత్రులను తన యిచ్చవచ్చినట్లు తొలగించు అధికారము గవర్నరు జనరలునకు లేకుండునట్లు చట్టము చేసెను. గవర్నరు జనరలగు గులాం మహమ్మదు దీనిని సహింపలేదు. అక్టోబరు 24వ తేదీన అత్యవసర పరిస్థితిని ప్రకటించి సభనే రద్దుచేసెను.

సభాధ్యక్షుడగు మౌల్వీ తమీజుద్దీను ఖాను వంగదేశీయుడు. ఆయన వెఱువక కరాచీలోని సింధు చీఫ్ కోర్టున వ్యాజ్యము వేసెను. 1955 ఫిబ్రవరిలో ఆ కోర్టు ఆయన పక్షముననే తీర్పు చెప్పెను. కాని మార్చి నెలలో ప్రధాన న్యాయమూర్తి మహమ్మదు మునీరు అధ్యక్షతను ఫెడరల్ కోర్టు ఆ తీర్పును త్రోసివేసెను. సభ చేసిన ఏ చట్టమునకైనను గవర్నరు జనరలు సమ్మతి యుండవలెననియు, సింధు కోర్టునకు అధికారమిచ్చిన చట్టమునకు అట్టి సమ్మతి లేదనియు వారి వాదము. ఈ వాదము వలన సమ్మతి లేని మఱికొన్ని చట్టములును చెల్లనివయ్యెను. దేశము చట్టహీనమగు స్థితి వచ్చెను. అంతట అదే న్యాయస్థానము, సామాన్యముగా న్యాయము కానిదియు అవసరము వలన న్యాయమగునని చెప్పి గవర్నరు జనరలునకు దారి చూపెను. ఆపదను తెచ్చిపెట్టినవారే ఆ యాపదను సాకుగా చూపిరి! కంచెయే చేను మేసినట్లయ్యెను.

మార్చి తీర్పున నలుగురు న్యాయమూర్తులు ఒక వైపునను, ఒక్కరు మఱియొక వైపునను నిలిచిరి. ఆ యొక్కరు ఆల్విన్ రాబర్ట్ కార్నీలియస్. 1903లో ఆగ్రాలో జన్మించి, సివిల్ సర్వీసు పరీక్షలో కృతార్థుడై, విభజనానంతరము పాకిస్తానునే తన దేశముగా నెంచుకొన్న క్రైస్తవుడు. రాజ్యాంగసభ సర్వతంత్ర స్వతంత్రమనియు, దాని శాసనములకు గవర్నరు జనరలు సమ్మతి యక్కరలేదనియు నాయన వ్రాసెను. మతమునకును రాజ్యవ్యవహారమునకును సంబంధము లేదని 1947 ఆగస్టు 11వ తేదీన జిన్నా పలికిన మాటను ఆ దేశము సరిగా నిలుపుకొనలేదు. అయినను అల్పసంఖ్యాకులలోని యీ క్రైస్తవుడే, ముస్లిములు బహుసంఖ్యాకులుగా నున్న ఆ శాసనసభ గౌరవమును కాపాడ యత్నించినవాడు.

తరువాత జరిగినది చూడుడు. 1956లో రాజ్యాంగము వచ్చెను. 1958 అక్టోబరులో పోయెను. అయూబు ఖాను సైనికాధికారము వచ్చెను. విజయవంతమైన విప్లవము తనకు తానే న్యాయమని న్యాయస్థానము పలికెను. 1970లో వయోజన వోటుహక్కుతో తొలి సార్వత్రిక యెన్నికలు జరిగెను. తూర్పు బెంగాలు పక్షము జాతీయసభలో పూర్తి ఆధిక్యము పొందెను. కాని సభ సమావేశము కానేలేదు. 1971లో రక్తము ప్రవహించి దేశము రెండయ్యెను. మరుసటి సంవత్సరము న్యాయస్థానము యాహ్యా ఖానును అధికారము నపహరించినవాడని ప్రకటించెను. కాని అప్పటికే యాతడు పదవి నుండి దిగిపోయి యుండెను. 1977లో జియా ఉల్ హక్కు తొంబది దినములలో నెన్నికలు జరిపెదనని చెప్పి, అవసర సిద్ధాంతపు అనుగ్రహమున 1988లో మరణించు పర్యంతము పాలించెను. 1999లో ముషారఫునకును అదే సిద్ధాంతము తోడ్పడెను. తొలిసారి గుగ్గిళ్లు తిన్నవారు పిదప నీరును, పాత్రను, ఇంటిని సైతము అవసరమనియే కైకొనిరి.

కార్నీలియస్ దోషరహితుడని నేను చెప్పను. 1960 మొదలు 1968 వఱకు ప్రధాన న్యాయమూర్తిగా నుండిన యాయన, పిమ్మట యాహ్యా ఖాను ప్రభుత్వమున న్యాయశాఖను వహించెను. ఇది యాయన కీర్తికి మచ్చయే. అయినను 1955 నాటి యసమ్మతి చెఱగిపోలేదు. ఆనాడు అది యెవ్వరిని ఆపలేకపోయెను గాని, తప్పు తప్పేయని వ్రాతలో నిలిచెను. 2007 నవంబరులో ముషారఫు అత్యవసర పరిస్థితిని విధించినపుడు పెక్కుమంది న్యాయమూర్తులు క్రొత్త ప్రమాణము చేయ నిరాకరించిరి, న్యాయవాదులు వీథులకెక్కిరి. 2009 జూలై 31న సుప్రీంకోర్టు ఆ చర్యను రాజ్యాంగ విరుద్ధమనెను. ఏబదేండ్లకు పైగా ఒంటరిగా నుండిన మాటకు తుదకు తోడు దొరకెను.

మనము పొరుగువారిని చూచి నవ్వుటకు వీలులేదు. 1976లో, అత్యవసర పరిస్థితి కాలమున, అక్రమముగా నిర్బంధింపబడినవాడు కోర్టు తలుపు తట్టరాదని మన సుప్రీంకోర్టున నలుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. హెచ్. ఆర్. ఖన్నా యొక్కరే కాదనిరి. అచ్చటను నలుగురు, ఇచ్చటను నలుగురు. అచ్చటను ఒక్కడు, ఇచ్చటను ఒక్కడు!

విద్యార్థి సోదరులారా! "ఈ యొక్కసారికి" అను మాట మన తరగతులలోను, ఆటస్థలములలోను, సంఘముల యెన్నికలలోను తఱచుగ వినబడును. అది వినబడినపుడు మూడు ప్రశ్నలడుగుడు. ఆపద నిజమైనదా? దానిని తెచ్చినవారెవరు? అది తీరు దినమేది? వీనికి సమాధానము రానిచో, అందఱును చేయెత్తినను మీరు చేయెత్తకుడు. మీ మాట ఆ దినమున ఓడవచ్చును. దానిని సంఘపు పుస్తకమున వ్రాయించియే ఇంటికి పొండు.