ఓట్లెన్నని చూసి ప్రశ్న మానేశాం

ఎన్నికల వార్తల్లో పక్షపాతం అనగానే ఏ పత్రిక ఏ పార్టీది, ఏ ఛానల్ ఎవరిది అన్న మాటే వస్తుంది. ఆ జబ్బు తెలుగు మీడియాకు ఉంది. కానీ పార్టీలతో పని లేకుండా జర్నలిస్టులమైన మేమంతా కలిసికట్టుగా చేసిన అన్యాయం ఇంకొకటి ఉంది. ట్రాన్స్‌జెండర్ల హక్కులు ఎన్నికల్లో చర్చకు రాకుండా చేసినవాళ్లలో మేమూ ఉన్నాం.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కులపై నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో తీర్పు ఇచ్చింది. తన లింగ గుర్తింపు ఏమిటో చెప్పుకునే హక్కు మనిషిదేనంది. ట్రాన్స్‌జెండర్లను వెనుకబడిన తరగతులుగా గుర్తించి రిజర్వేషన్లు ఇవ్వాలని ప్రభుత్వాలను ఆదేశించింది. సరిగ్గా పదిహేను రోజులకు తెలంగాణలో పోలింగ్, మరో వారానికి సీమాంధ్రలో. కొత్త రాష్ట్రాలను ఏలబోయేవాళ్లు మా ఎదుటే మైకుల ముందు నిలబడ్డారు. ఈ తీర్పును ఎలా అమలు చేస్తారని వాళ్లను నిలదీయలేదు.

2018లో హైదరాబాద్‌లోని గోషామహల్ నుంచి బహుజన లెఫ్ట్ ఫ్రంట్ అభ్యర్థిగా ట్రాన్స్‌జెండర్ అయిన చంద్రముఖి మువ్వల పోటీ చేశారు. ఆమె కనిపించకుండా పోయినప్పుడు ఛానళ్లు పోటీపడి చూపించాయి. ఆమె ఏం అడగడానికి బరిలోకి దిగారో చెప్పడానికి మాత్రం అంత సమయం దొరకలేదు. 2024లో మరో ట్రాన్స్‌జెండర్ తమన్నా సింహాద్రి పిఠాపురంలో నిలబడితే, పవన్ కల్యాణ్‌పై పోటీ అన్నదే మాకు వార్త అయింది.

అన్నిటికంటే పెద్ద తప్పు 2023లో జరిగింది. ఆ ఏడాది జులై 6న తెలంగాణ హైకోర్టు 1919 నాటి నిజాం చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లు ఆడవాళ్ల బట్టలు కట్టుకుని వీధిలో కనిపించినా, నలుగురిలో నాట్యమాడినా వారెంటు లేకుండా అరెస్టు చేసే వీలు ఆ చట్టం కల్పించింది. దాన్ని రద్దు చేసిన ధర్మాసనం ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్లు కూడా వర్తింపజేయాలని చెప్పింది. ఆ ఏడాదే నవంబర్ 30న అసెంబ్లీ ఎన్నికల పోలింగ్. ఆ ప్రచారంలో పింఛన్లు ఒక ముఖ్యాంశం. ఒక పార్టీ 4,000 రూపాయలంటే మరో పార్టీ 5,016 అంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి రోజుల తరబడి విశ్లేషించాం. కోర్టు చెప్పినవాళ్ల పేరు జాబితాలో ఎక్కడుందని ఎవరైనా అడిగినా, ఆ ప్రశ్న మొదటి పేజీకి రాలేదు, ప్రైమ్ టైమ్ చర్చకూ రాలేదు.

ఎందుకు? నియోజకవర్గాల్లో కులాలవారీగా ఓట్లు లెక్కేసి రాయడం మాకు అలవాటైపోయింది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘ఇతరులు’గా నమోదైనవారు 43,769 మంది. 294 నియోజకవర్గాలకు పంచితే గెలుపోటములు తేల్చే సంఖ్య కాదనుకున్నాం. ఓట్లు తక్కువని నాయకుడు పట్టించుకోకపోతే అది అతని స్వార్థం. అదే లెక్కతో మేమూ పక్కన పెట్టడం వృత్తి ద్రోహం. బలం లేనివాళ్ల తరఫున అడగడానికే కదా సమాజం మాకు ఆ మైకు ఇచ్చింది.

మిగతా రోజుల్లో మేం చేసింది ఈ మౌనానికి తోడైంది. సిగ్నళ్ల దగ్గర గొడవ జరిగితే ‘హిజ్రాల హల్‌చల్’ అని శీర్షిక పెట్టాం. ఎవరో ఒకరు చేసిన పనిని అందరికీ అంటగట్టాం. పోలింగ్ రోజున వేలిమీద సిరా గుర్తు చూపిస్తున్న ఫొటో వేసి గౌరవించామనుకున్నాం. ఏడాది పొడవునా భయపెట్టే వార్తలే చదివిన పాఠకుడికి ఇల్లు అద్దెకు దొరకని బాధ, ధ్రువపత్రం కోసం కలెక్టరేట్ చుట్టూ తిరిగే అవస్థ ఎలా తెలుస్తాయి? తెలియని బాధ గురించి అతను ఓటు అడగడానికి వచ్చిన అభ్యర్థిని ఎలా ప్రశ్నిస్తాడు?

ఈ తప్పు ఒప్పుకుంటే సరిపోదు, పని మారాలి. మేనిఫెస్టో వచ్చిన రోజే రైతులు, మహిళలు, ఉద్యోగుల వరుసలో ట్రాన్స్‌జెండర్లకు ఏముందో రాయాలి. లేకపోతే లేదని రాయాలి. వారి గురించి చర్చ పెడితే వారినే పిలవాలి. రిజర్వేషన్, పింఛను, ఇల్లు, వైద్యం గురించి ప్రతి అభ్యర్థినీ పేరుపేరునా అడిగి, చెప్పిన జవాబును గెలిచాక మళ్లీ ముందు పెట్టాలి. ఇందులో ఏదీ కొత్త విద్య కాదు. మిగతా వర్గాల విషయంలో మేం రోజూ చేస్తున్న పనే.