గాలి మాటలు కావు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి జీపు టైర్ల గొడవ యెందుకని మీరు అడగవచ్చు. మా ఆవిడా అదే అడిగింది. కాని నిరుడు డిసెంబరులో అడిగితే బాగుండేది. జరగవలసింది జరిగాక అడిగింది!

మా బావమరిది కొత్త జీపు కొన్నాడు. దాన్ని యెడారిలో నడిపితేగాని జన్మ తరించదన్నాడు. అతనూ, అతని పదేళ్ల కూతురూ, మేమిద్దరమూ జైసల్మేరు చేరాము. వూరికి నలభై కిలోమీటర్ల దూరాన సామ్ ఇసుకతిన్నెలున్నాయి. ఇసుకలో టైరు గట్టిగా వుంటే దిగబడుతుంది. గాలి కొంత తీసేస్తే టైరు వెడల్పుగా పరుచుకుని తేలిపోతుంది. అందుకని 32 పౌన్లున్న గాలిని 18కి దించాము. సాయంత్రందాకా తిన్నెలమీద తిరిగి, పిల్ల కేరింతలు కొడుతుంటే మేమూ పిల్లలమైపోయాము.

తిరిగి తారురోడ్డు యెక్కే ముందు గాలి నింపాలి గదా! పంపు నేను కొనిపెట్టిందే. "150 పౌన్ల వత్తిడి" అని డబ్బామీద పెద్ద అక్షరాలతో వుంటే, "మనకు కావలసింది 32, ఇది అయిదింతలు ఘనమైనది" అని లెక్క చెప్పి బావమరిదిని వొప్పించాను. సిగరెట్ లైటరు రంధ్రంలో తగిలించి మొదటి టైరుకు పెట్టాము. పావుగంటయినా నిండలేదు. రెండో టైరు మధ్యలో పంపు చెయ్యి కాలేటంత వేడెక్కి మూగపోయింది.

చీకటి పడింది. చలి కొరుకుతోంది. "మెల్లిగా పోదాం, బావగారూ" అన్నాడు. నేనూ తల వూపాను. అదీ నా రెండో తప్పు. కొంతదూరం పోయాక పిల్ల, "మామయ్యా, ఏదో కాలుతున్న వాసన!" అంది. దిగి టైరు ముట్టుకుంటే సలసల మరిగిపోతోంది. గాలి తక్కువైన టైరు రోడ్డుమీద క్షణక్షణమూ నలుగుతుంది. ఆ నలుగుడుకే వేడెక్కి, చివరికి పగిలిపోవచ్చు. ఆ పసిదాని ముక్కే మమ్మల్ని కాపాడింది.

దేవుడు పంపినట్టు మరో జీపు ఆగింది. అందులోని పెద్దమనిషి ఇంజను ఆడుతూవుండగానే తన యంత్రాన్ని తిన్నగా బ్యాటరీకే తగిలించి, చూస్తుండగానే టైర్లన్నీ నింపాడు. డబ్బు పుచ్చుకోలేదు. "మీ పంపు యే అంకె చూసి కొన్నారు?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. నవ్వాడు.

చూడవలసిన అంకె వత్తిడి కాదట; నిమిషానికి యెన్ని లీటర్ల గాలి యిస్తుందన్నది. మాలాంటి జీపు టైరును 18 నుంచి 32కి తేవాలంటే ఉజ్జాయింపుగా 60 లీటర్ల గాలి పడుతుంది, నాలిగింటికీ 240. నిమిషానికి 12 లీటర్లిచ్చే పంపుకు అది ఇరవై నిమిషాలపైమాటే. పైగా డబ్బామీది లెక్క వట్టి గాలిలో తీసింది. టైరు నిండేకొద్దీ తగ్గుతుంది. 70 లీటర్లదైతే అయిదారు నిమిషాల్లో వదిలిపోతుంది. కాని అది 25, 30 ఆంపియర్లు లాగుతుంది. లైటరు రంధ్రం సాధారణంగా 10, 15కు మించి మొయ్యదు; అందుకే బ్యాటరీకి తగిలించడం. యెంతసేపు ఆడి యెంతసేపు చల్లారాలో కూడా చదువుకుని కొనాలి.

యింకొక దారి వుంది. గోలీసోడాలో వుండే బొగ్గుపులుసు వాయువునే సిలిండరులో నింపి తీసుకుపోవడం. మోటారు లేదు, చప్పుడు లేదు. నాలుగు టైర్లకు అరకిలో చాలు. కాని అయిపోతే యెడారిలో నింపేవాడెవడు? మూసిన బండిలో కారితే ప్రాణాపాయం కూడాను. ఇక కాలితో తొక్కే పంపు మాత్రం యెన్నడూ మోసం చెయ్యదు. తొక్కేవాడికి ఓపిక వుంటే.

1888లో డన్‌లప్ అనే పశువైద్యుడు బెల్‌ఫాస్టులో తన కొడుకు మూడుచక్రాల బండి కుదుపులు లేకుండా పోవాలని చక్రాలకు గాలి గొట్టాలు చుట్టాడట. బిడ్డ సుఖంకోసం పుట్టిన గాలి అది. ఆ రాత్రి వెనకసీటులో నిద్రపోతున్న పిల్లను చూస్తే ఆ సంగతి గుర్తుకొచ్చి వొళ్లు జలదరించింది.

వూరు చేరగానే బ్యాటరీకి తగిలించేది కొన్నాము. ఈసారి డబ్బా చదివింది మా ఆవిడ.