ఇంజిన్‌కి రీస్టార్ట్ బటన్ లేదు

మా ఇంట్లో ఓ పాత స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. 1961 నుంచి మద్రాసులో తయారైన మోడల్. బ్రిటన్‌లో ట్రయంఫ్ వాళ్లు ఇదే హెరాల్డ్ చాసిస్‌ని కుదించి 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తీశారు. మా బండి ఐడ్లింగ్‌లో దడదడలాడుతోందని ఓ పెద్ద గ్యారేజీకిస్తే కార్బురేటర్ విప్పారు, కాయిల్ మార్చారు, బిల్లు చేతిలో పెట్టారు. దడ మాత్రం అలాగే ఉంది.

పాతబస్తీలో, ఖిల్వత్ దగ్గర, ఓ ముసలి మెకానిక్ ముందు ఒక్క పార్టూ మార్చలేదు. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాడు. మూడోది పీకితే శబ్దంలో తేడా లేదు. అంటే ఆ సిలిండర్ పనిచెయ్యట్లేదు. ప్లగ్ తీస్తే పెట్రోలుతో తడిసుంది. పెట్రోలు వస్తోంది, స్పార్కే లేదు. ఆ ప్లగ్గుని రెండోదాంట్లో, రెండోదాన్ని ఇందులో పెట్టాడు. జబ్బు రెండో సిలిండర్‌కి మారింది! "నయా హై సోచ్‌కే ఛోడ్ దియే, సాబ్" అన్నాడు. నిజమే, కొత్త ప్లగ్గు కదాని ఎవరూ అనుమానించలేదు.

మరి మనం? సర్వర్ మొరాయిస్తే రీస్టార్ట్, లేదా ర్యామ్ పెంచడం, లేదా ఎక్కడో దొరికిన కోడ్ అతికించడం. తగ్గితే టికెట్ మూసేస్తాం, నాతో సహా. ఎందుకు తగ్గిందో చెప్పలేకపోతే అది బాగుచెయ్యడం ఎలా అవుతుందండీ?

ఆయన మెకానిక్కట, మనం ఇంజినీర్లమట!