గృహవిజ్ఞానము: కారులో తగ్గుచున్న నీరు

దుత్తలోని పాలు తగ్గినచో పిల్లి వచ్చినదో, దుత్తకు బీట వాఱినదో విచారింపక మానము. కారు రేడియేటరులోని నీరు తగ్గినచో మాత్రము, ఎండలకు ఇంకిపోయినదని యొక చెంబెడు పోసి యూరకుందుము. మూసిన గొట్టములలో తిరుగు ఆ ద్రవము మాటిమాటికి తగ్గుచున్నచో, దానికెక్కడనో దారి యున్నదన్నమాట. ఆ దారిని కనుగొనక పైనుండి పోయుచుండుట రోగమును దాచుటయే గాని కుదుర్చుట గాదు.

ఇది మగవారి వ్యవహారమని తలంపవలదు. నేడు మన గోదావరి సీమలో కారు నడుపు స్త్రీలు పెక్కుమంది. నడుపనివారును బిడ్డలతో నందు ప్రయాణము చేయువారే. రాజమహేంద్రవరములో వేసవి 45 డిగ్రీలు దాటిన దినములు గలవు. అట్టి మధ్యాహ్నమున, 1974లో తెఱచిన రోడ్డు రైలు వంతెనపై బండ్లు బారులుతీరి నిలిచినపుడు ఇంజను కాగిపోయినచో ప్రక్కకు తీయుటకు చోటుండదు. ఒక రబ్బరు గొట్టముతో తీరవలసిన ఖర్చు ఇంజను విప్పుదాక వచ్చును.

ప్రెషరు కుక్కరు వాడు గృహిణికి ఈ యంత్రము క్రొత్త గాదు. నీరును, ఇథిలీను గ్లైకాలను మందును సాధారణముగా సగము సగము కలిపి పోయుదురు. ఆ ద్రవము మూత బిగువున నుండుటచే 100 డిగ్రీలు దాటినను మరుగదు. మూతలోని రబ్బరు సడలినచో, కుక్కరునుండి పప్పునీరు చిమ్మినట్లు, ఆవిరి తెలియకుండ పోవుచుండును. కావున కారణము తోపనపుడు మొదట ననుమానింపదగినది మూతయే; మార్చుటకు చౌకయైనదియు నదియే. అయితే ఇంజను వేడిగా నున్నపుడు మూత తీయరాదు. ఎగజిమ్ము నీరు మొగమును, చేతులను బొబ్బలెక్కించును.

మన డెల్టా కాలువలకు లస్కరు గట్టువెంట నడచి యూట పుట్టిన చోటు వెదకునట్లే, మనమును క్రమముగా వెదకవలెను.

మొదట, ప్రొద్దుట ఇంజను చల్లగా నున్నపుడు బండిని సమతలమున నిలిపి, ద్రవపు డబ్బాపై మట్టమున్న చోట పెన్సిలుతో గీత గీయుడు. తేదీని, బండి నడచిన కిలోమీటర్లను పద్దుల పుస్తకమున వ్రాయుడు. వారము దినములు చూచినచో తగ్గుట నిజమో భ్రమయో తేలును.

రెండవది, రాత్రి బండిక్రింద నొక అట్టముక్క పఱచుడు. తెల్లవాఱునప్పటికి ఆకుపచ్చనివో, గులాబివన్నెవో చుక్కలున్నచో నవి రేడియేటరు ద్రవపువి. వన్నెలేని నీరు సాధారణముగా ఏసీ నుండి కారునది. దానికి భయము లేదు.

మూడవది, చుక్కలు లేకున్నను నిశ్చింతగా నుండరాదు. సన్నని యూట వేడిలోహముపై నప్పుడే యింకి, ఉప్పు పేరినట్లు తెల్లని పొక్కును మాత్రము విడుచును. గొట్టముల క్లిప్పులకడ, రేడియేటరు అంచులవెంట, నీటిపంపు క్రింద అట్టి మచ్చలను వెదకుడు. లోపల ముందుసీటు పాదములకడ చాప తడిసి తియ్యని వాసన వచ్చుచున్నచో హీటరు కాఱుచున్నదని యెఱుగుడు.

నాల్గవది, ఇవి యేవియు దొరకనిచో మెకానికుచే ప్రెషరు పరీక్ష చేయింపుడు. చల్లని ఇంజనులోనికి చేతిపంపుతో, మూతపై వ్రాసియున్న యొత్తిడివఱకు గాలి కొట్టి, ముల్లు దిగునేమో కొంతసేపు చూతురు. ముల్లు దిగినచో నెక్కడనో కాఱుచున్నట్లే.

వెలుపల తడి లేక ముల్లు దిగినచో, ఇంజనులోని హెడ్డు గాస్కెటు చెడియుండవచ్చును. వేడెక్కిన పిదపను మానని తెల్లని పొగ, డబ్బాలో బుడగలు, మజ్జిగవలె తెల్లబడిన ఇంజను నూనె దీనికి గుఱుతులు. డబ్బాలోని ఆవిరిని నీలిమందు ద్వారా పోనిచ్చి చూతురు. మండిన వాయువున్నచో ఆ మందు పసుపువన్నెకు మాఱును. అట్టి బండిని నడుపక తోలుబండిపై మరమ్మతుకు పంపవలెను.

లారీలవారు దారిలో రేడియేటరున పసుపు వేసి కాఱుట నాపుట కలదు. అది యిల్లు చేరుటకు మాత్రమే. సన్నని గొట్టములలో పేరుకొని వానిని పూడ్చును. కోనసీమ తీరపు ఉప్పునీటి బావుల నీరును పోయరాదు. వేణ్ణీళ్ల కాగునకు పట్టు సున్నపుపొర వంటిదే లోపలను పట్టును. డిస్టిల్డు వాటరే తగినది.

బిడ్డల తల్లులు మఱువరాని దొకటి. ఇథిలీను గ్లైకాలు తియ్యని విషము. పసిబిడ్డకు కొంచెమే ప్రాణాపాయము. నేలపై పడినదానిని వెంటనే కడిగివేయుడు. త్రాగునీటి సీసాలలో దాచకుడు. బిడ్డ నోట పడినచో క్షణమాగక ఆస్పత్రికి గొనిపొండు.

తుదకు మెకానికుతో నొకమాట నిక్కచ్చిగా చెప్పుడు: "కాఱుచున్న చోటు చూపినపిదపనే భాగము మార్పుడు." బాగుచేసిన పిమ్మట మరల పెన్సిలు గీత గీసి వారము చూడుడు. లోపలి గాలి వెడలుటచే మొదట నొకసారి మట్టము కొంచెము తగ్గవచ్చును. ఆ పైని గీత కదలకున్నచో బండి కుదిరినట్లే.