ఇంటి ముచ్చట: పరీక్ష గదిలో ఉన్నది ఉన్నట్టు



'సదరం' అనే మాట వినని పల్లె మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో లేదు. అక్షరం ముక్క రాని అవ్వ కూడా "సదరం కాయితం ఉన్నదా బిడ్డా?" అని అడుగుతుంది. వికలాంగుల పింఛనుకు, బస్సు రాయితీకి, చదువులోను ఉద్యోగంలోను రిజర్వేషనుకు ఆ కాగితమే మూలం. అది చేతికి రావాలంటే మనిషి స్వయంగా వెళ్ళి డాక్టరు ఎదుట కూర్చోవాలి. కూర్చునేది పది నిమిషాలే కావచ్చు. కాని ఆ పది నిమిషాల మీద ఒక ఇంటి బియ్యం, మందులు, పిల్లల పుస్తకాలు ఆధారపడి ఉంటాయి. గనుక ఈ నెల ఆ పరీక్ష గురించే నిదానంగా మాట్లాడుకుందాం.

కాగితం వెనుక కథ

వికలాంగుల హక్కులకు మన దేశంలో మొదటి సమగ్ర చట్టం 1995లో వచ్చింది. 1996 ఫిబ్రవరి 7 నుండి అమలయింది. చూపు లేకపోవడం, చూపు మందగించడం, నయమైన కుష్ఠు, వినికిడి లోపం, కాళ్ళు చేతుల లోపం, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి – ఈ ఏడింటినే ఆ చట్టం గుర్తించింది. ఆ రోజుల్లో సర్టిఫికెట్ కావాలంటే జిల్లా కేంద్రంలోని మెడికల్ బోర్డు ముందుకు పోవాలి. సిర్పూరు, బెజ్జూరు వాళ్ళు ఆదిలాబాదుకు, మహదేవపూర్ వాళ్ళు కరీంనగర్‌కు వంద కిలోమీటర్లు దాటి రావాలి. కాళ్ళు లేని మనిషికి అది ఎంత దూరమో ఆలోచించండి.

ఆ తరువాత 2009–10 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సదరం పద్ధతి వచ్చింది. చేతిరాత కాగితాల స్థానంలో డాక్టర్లు పరీక్షించిన వివరాలను కంప్యూటరులో ఎక్కించి, శాతం లెక్కగట్టి సర్టిఫికెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. తెలంగాణ ఏర్పడ్డాక 2014 నవంబరు 8న ఆసరా పింఛన్లు ప్రారంభమైనప్పుడు వికలాంగులకు నెలకు 1,500 రూపాయలుగా నిర్ణయించారు. 2019లో అది 3,016 అయింది. 2023 జూలైలో 4,016కు పెరిగింది. కూలి దొరకని ఇంటికి ఇది చిన్న సొమ్ము కాదు.

2016లో రెండు మార్పులు వచ్చాయి. అక్టోబరులో పాత జిల్లాలు విడిపోయాయి. జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్ జిల్లా కేంద్రాలు కావడంతో కొందరికైనా దారి దగ్గరయింది. డిసెంబరులో పార్లమెంటు కొత్త వికలాంగుల హక్కుల చట్టం చేసింది. ఏడు రకాలు 21 అయ్యాయి. దేశమంతటా ఒకే గుర్తింపు కార్డు, అంటే యూడీఐడీ, అమలులోకి వచ్చింది. 2025లో తెలంగాణ కూడా సదరం స్థానంలో ఈ యూడీఐడీ పద్ధతికి మారింది. అయితే పేరు మారినంత మాత్రాన నోటి మాట మారదు గదా! పల్లెల్లో ఇప్పటికీ సదరం అనే అంటున్నారు. మనమూ అలాగే అందాం.

డాక్టరు కొలిచేది ఏమిటి?

చాలామంది పొరబడేది ఇక్కడే. డాక్టరు మన బీదతనాన్ని కొలవడు. మన కన్నీళ్ళనూ కొలవడు. శరీరంలోనో మనసులోనో ఉన్న లోపం ఎంత, దానివల్ల ఏ పని ఆగిపోయింది అన్నదే ఆయన చూడవలసినది. చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన ఉంటే ప్రయోజనాలకు అర్హత. ఆసరా పింఛనుకు వినికిడి లోపం విషయంలో మాత్రం 51 శాతం ఉండాలని నిబంధన పెట్టారు. పేదరికాన్ని పరిశీలించే పని వేరే అధికారులది.

ఒక ఉదాహరణ చూడండి. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండవ కన్ను బాగా ఉన్న మనిషికి 30 శాతమే వస్తుంది. అందుకే ఒంటికన్ను వారు పింఛను రాక నిరాశతో తిరిగి వస్తారు. "కన్ను పోయినా ఇవ్వరా?" అని బాధపడతారు. అది డాక్టరుకు మన మీద ఉన్న పగ కాదు, లెక్క అలా ఉంది.

అయితే అదే మనిషికి చిన్ననాటి పోలియోతో ఒక కాలు కూడా బలహీనమై, దానికి మరో 30 శాతం ఉన్నదనుకోండి. అప్పుడు రెండూ కలిపి చూస్తారు. ఈ కలపడానికి ఒక సూత్రం ఉంది. పెద్ద శాతాన్ని 90లోనుండి తీసివేసి, మిగిలినదాన్ని చిన్న శాతంతో హెచ్చవేసి, 90తో భాగించి, వచ్చినదాన్ని పెద్ద శాతానికి కలుపుతారు. ఇక్కడ 90లో 30 పోతే 60. అరవైని 30తో హెచ్చవేసి 90తో భాగిస్తే 20. ముప్పైకి ఇరవై కలిపితే 50. అంటే విడివిడిగా అర్హత లేని మనిషికి రెండూ కలిపితే అర్హత వస్తుంది! కాని ఎముకల డాక్టరు దగ్గర కాలు ఒక్కటే చూపించి వస్తే ఆ రెండవ లోపం లెక్కలోకి ఎలా ఎక్కుతుంది? కాబట్టి దరఖాస్తులోనే అన్ని లోపాలూ రాయించండి.

మానసిక వ్యాధి విషయంలో నాలుగు సంగతులు చూస్తారు. తన శుభ్రత తాను చూసుకోగలడా, మనుషులతో మెలగగలడా, చెప్పింది గ్రహించి జవాబు ఇవ్వగలడా, పని చేయగలడా అని. ఎన్నేళ్ళుగా జబ్బు ఉన్నదో కూడా అడుగుతారు. ఆ రోజు మందు వేసుకొని నెమ్మదిగా కూర్చున్న మనిషిని చూస్తే ఇవేవీ తెలియవు. రాత్రంతా నిద్రపోక ఇల్లు విడిచి తిరిగిన సంగతి ఇంటివారే చెప్పాలి.

ఇక మన ఆదిలాబాదు గూడేల్లో, గోండు, కొలాము కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు ఉంది. నెత్తురులోని ఎర్ర కణాలు కొడవలిలా వంగి, సన్నని నాళాల్లో చిక్కుకొని, భరించలేని నొప్పులు తెస్తాయి. నొప్పి వచ్చినవారు రోజుల తరబడి మంచం దిగరు. నొప్పి లేని రోజున చూస్తే అందరిలాగే నడుస్తారు. 1995 చట్టంలో ఈ జబ్బుకు చోటు లేదు. 2016 చట్టంలో తలసేమియా, హీమోఫీలియాలతో పాటు దీనికీ చోటు దక్కింది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకు ప్రత్యేక కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. అయితే కంటికి కనపడని జబ్బుకు కాగితమే సాక్షి. రక్త పరీక్ష రిపోర్టు, ఆసుపత్రిలో చేరిన చీటీలు, రక్తం ఎక్కించిన వివరాలు – ఇవి పారేయకుండా దాచుకున్న ఇల్లే ఆ గదిలో నిలబడగలుగుతుంది.

గర్వమూ, అత్యాశా

పరీక్ష గదిలో మన నోటికి అడ్డువచ్చేవి రెండున్నాయి. మొదటిది గర్వం. డాక్టరు "తాతా, అంగీ నువ్వే తొడుక్కుంటవా?" అని అడుగుతాడు. పక్షవాతం వచ్చిన ఆ పెద్దాయన "ఆ, నేనే తొడుక్కుంట సారూ" అంటాడు. నలుగురి ముందు చేతగానివాడినని ఒప్పుకోవడానికి మనసు రాదు. అంగీ తొడుక్కోవడానికి అరగంట పడుతుందనీ, గుండీలు కోడలు పెడుతుందనీ చెప్పడు. పక్కన నిలబడ్డ కోడలు మామగారి మాటకు అడ్డురావడం మర్యాద కాదని ఊరుకుంటుంది. డాక్టరు రాసుకునేది మాత్రం ఒక్కటే: సొంతంగా బట్టలు వేసుకోగలడు!

అబద్ధమాడాలన్న తలంపు ఆయనకు లేదు, నిజమే. అయినా సగం చెప్పిన మాట పూర్తి సత్యం కాదు. కోడళ్ళారా, కూతుళ్ళారా, అటువంటప్పుడు "సారూ, ఇంట్లో ఇట్లా జరుగుతది" అని మెల్లగా చెప్పండి. అది మామగారిని అవమానించడం కాదు.

రెండవది అత్యాశ. ఆసుపత్రి గేటు దగ్గర దళారులు నిలబడి ఉంటారు. "ఇంత ఇస్తే శాతం ఎక్కువ వేయిస్తా. లోపలికి పోయినంక కుంటుకుంట నడువు, వినబడనట్టు ఉండు" అని నేర్పుతారు. వినికిడి పరీక్షలో అబద్ధమాడేవారిని పట్టే యంత్రాలున్నాయి. మెదడుకు శబ్దం చేరిందో లేదో మన జవాబు లేకుండానే అవి చెబుతాయి. దొరికిపోతే డబ్బు పోవడమే గాక, అర్హత లేకుండా మోసంతో వికలాంగుల ప్రయోజనం పొందిన వారికి 2016 చట్టం 91వ సెక్షను కింద రెండేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

చట్టం సంగతి అటుంచండి. దొంగ సర్టిఫికెట్ వల్ల నష్టపోయేది ప్రభుత్వం ఒక్కటే కాదు. ఒకరు నటిస్తే తరువాత వచ్చిన పదిమందిని డాక్టరు అనుమానంతో చూస్తాడు. 2025లో మన పక్క రాష్ట్రమైన ఆంధ్రప్రదేశ్‌లో, అనర్హులున్నారని చెప్పి, పింఛను తీసుకుంటున్న వికలాంగులను మళ్ళీ పరీక్షలకు పిలిచారు. నోటీసులు అందుకొని కంగారుపడిన వారిలో నిజంగా కాళ్ళు చేతులు ఆడనివారూ ఉన్నారు. అబద్ధానికి వెల చివరికి నిజమైనవాడే చెల్లిస్తాడు.

వెళ్ళేముందు

స్లాటు దొరికినప్పుడు తేదీ, సమయం, ఏ ఆసుపత్రి అన్నది కాగితం మీద రాయించుకోండి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, ఆపరేషను కాగితాలు తేదీల వరుసలో ఒక సంచిలో పెట్టుకోండి. గల్ఫ్‌లో పనిచేస్తూ నడుము విరిగి తిరిగివచ్చినవారు అక్కడి ఆసుపత్రి కాగితాలు కూడా తీసుకుపొండి. వినికిడి మిషను, ఊతకర్ర, కాలిపర్ వాడేవారు వాటిని ఇంట్లో వదలి వెళ్ళవద్దు.

ముందురోజు రాత్రి ఇంటివారు కలిసి కూర్చొని ఒక కాగితం మీద రాయండి. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఏ పని తాను చేసుకుంటాడు, ఏ పనికి మనిషి సాయం కావాలి, ఎంత సేపు పడుతుంది అని. మంచి రోజు ఎలా ఉంటుందో, చెడ్డ రోజు ఎలా ఉంటుందో రెండూ రాయండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక అది శాశ్వతమా, తాత్కాలికమా అన్నది చదివించుకోండి. తాత్కాలికమైతే గడువు తేదీని క్యాలెండరు మీద గుర్తుపెట్టుకోండి. గడువు దాటితే పింఛనుకూ చిక్కు వస్తుంది.

శాతం తక్కువ వస్తే

అంతటితో తలుపు మూసుకుపోలేదు. సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ నిర్ణయం మీద 90 రోజులలోగా పై అధికారికి అప్పీలు చేసుకొనే హక్కు చట్టంలోనే ఉంది. చిన్న పిల్లల తరఫున, తాను చేసుకోలేనివారి తరఫున సంరక్షకులు చేయవచ్చు. గనుక కాగితం అందిన తేదీ మరువకండి.

ఈ బాధ మనకు మాత్రమే కాదు. ధనిక దేశమైన ఇంగ్లాండులో కూడా 2013 నుండి వికలాంగుల భత్యానికి కొత్తగా ముఖాముఖి పరీక్షలు పెట్టినప్పుడు వేలమందికి భత్యం ఆగిపోయింది. కాని విచారణ దాకా అప్పీలు నడిపించినవారిలో సగానికి పైగా గెలిచారు. మొదటి మాటే చివరి మాట కాదని, అడగడం తప్పు కాదని ఇందువల్ల తెలుస్తుంది.

మనం చేయగలిగినది

ప్రతి సంఘంలో ఇటువంటివారు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వారికి ప్రార్థనతో పాటు ఒక మనిషి తోడు కావాలి. యౌవనస్థులలో ఒకరు మీసేవలో దరఖాస్తు నింపవచ్చు. మోటారుసైకిలు ఉన్నవారు బస్సు దాకా దింపవచ్చు. స్త్రీల సమాజంలో ఒక అక్క ఆ తల్లితో ఆసుపత్రికి వెళ్ళి వరుసలో నిలబడవచ్చు, అన్నం డబ్బా పట్టుకుపోవచ్చు. చదువు వచ్చినవారు అప్పీలు రాసిపెట్టవచ్చు. దళారి ముందు చెయ్యి చాచే అవసరం అప్పుడు ఉండదు.

ఇంకొక మాట. ఎవరికైనా పింఛను మంజూరయితే "మంచిగనే నడుస్తున్నడు గదా, వానికెందుకు?" అని రచ్చబండ దగ్గర తీర్పు చెప్పకండి. సికిల్ సెల్ నొప్పి మనకు కనపడదు, మనసులోని జబ్బూ కనపడదు. అతని చెడ్డ రాత్రులు అతని ఇంటికే తెలుసు.

పింఛను భిక్ష కాదు, చట్టం ఇచ్చిన ఆసరా. దాన్ని అడగడానికి సిగ్గుపడనక్కర లేదు, పొందడానికి అబద్ధమాడనక్కర లేదు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఈ నెల పరీక్షకు వెళ్ళవలసినవారు ఉంటే ఈ పేజీని వారికి చదివి వినిపించండి. వీలైతే ఆ రోజు వారితో వెళ్ళండి.