సున్నాను నమ్మకండి!

బంగారం తూచే కాటా మీద వడ్ల బస్తా పెడతామా? బస్తాలు తూచే కాటా మీద ముక్కుపుడక పెడతామా? పెట్టం. కానీ మల్టీమీటర్ చేతికొచ్చేసరికి చాలామంది చేసేది అదే!

హైదరాబాద్-బెంగళూరు రహదారి మీదున్న పెబ్బేరునే తీసుకోండి. కాలువ నీళ్లు అందితే సరే, లేదంటే రైతుకు బోరే దిక్కు. నడిచే మోటారు ఉన్నట్టుండి ఆగిపోయిందనుకోండి. మెకానిక్ వచ్చేలోపు మడి ఎండుతుందన్న కంగారు. మీటరు తీసి స్టార్టరు డబ్బాలో పెడితే సున్నా! ‘కరెంటు లేదు’ అనుకుని వైరు మీద చెయ్యి వేస్తే... ప్రాణాలే పోవచ్చు.

కరెంటు ఉన్నా సున్నా ఎందుకొచ్చింది? నాబ్ డీసీ వైపు ఉంది కాబట్టి. మన ఇంటికీ పొలానికీ వచ్చేది ఏసీ. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. డీసీ రేంజి చూసేది సగటును. అటు ఎంతో ఇటూ అంతే కాబట్టి సగటు సున్నా! లోపల తెగిన ప్రోబు వైరుతో కొలిచినా, ఒకే ఫేజు మీద రెండు ప్రోబులూ పెట్టినా సున్నాయే వస్తుంది.

అందుకే ముందు గుర్తులు చూడాలి. అల లాంటి గీత ఉంటే ఏసీ. అడ్డగీత, దాని కింద చుక్కలు ఉంటే డీసీ. ఇంట్లో ప్లగ్గులో ఉండేది సుమారు 230 వోల్టులు. మోటారుకు వచ్చే రెండు ఫేజుల మధ్య సుమారు 415. చిన్న మీటర్లలో ఏసీకి సాధారణంగా 200, ఆపైన 600 లేదా 750 రేంజిలు ఉంటాయి. ఈ రెండింటికీ పెద్దదే పెట్టాలి. 200లో పెడితే తెర మీద ఒక్క ‘1’ మాత్రమే కనిపిస్తుంది. అంటే ఒక వోల్టు కాదు, ‘నావల్ల కాదు’ అని!

ఎంత ఉందో తెలియనప్పుడు పెద్ద రేంజితో మొదలెట్టి కిందికి దిగాలి. బండి బ్యాటరీని 600 డీసీలో కొలిస్తే 12 అని ఊరుకుంటుంది. 20లో పెడితే 12.64 అని వివరంగా చెబుతుంది.

నాబ్ కన్నా ముందు చూడాల్సింది ఎర్ర వైరు ఏ రంధ్రంలో ఉందో. 10 ఆంపియర్ల రంధ్రంలో ఉంచి ప్లగ్గులో పెడితే నేరుగా షార్టే! చాలా చౌక మీటర్లలో ఆ దారికి ఫ్యూజు కూడా ఉండదు. ఓమ్‌ల రేంజిని కరెంటున్న చోట అసలు వాడకూడదు.

బ్రిటిష్ పోస్టాఫీసు ఇంజినీరు డొనాల్డ్ మెకాడీ, మూడు నాలుగు మీటర్లు మోయలేక అన్నిటినీ ఒక్క పెట్టెలో పెట్టించాడు. అదే 1923లో వచ్చిన ఏవో మీటర్. మోత తగ్గింది, కానీ ఏ మీటరు వాడుతున్నామో ఎంచుకునే బాధ్యత మన వేళ్ల మీద పడింది.

చివరగా ఒక్క అలవాటు. కరెంటు కచ్చితంగా ఉన్న చోట ముందు కొలవండి, తర్వాత అనుమానం ఉన్న చోట, మళ్లీ మొదటి చోట. మూడూ సరిపోతేనే ఆ సున్నా నిజం. అప్పుడు కూడా మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాకే వైరు ముట్టుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మాత్రం వెళ్లకండి, అది లైన్‌మన్ పని. మడి ఒక పూట ఆగుతుంది!